అమ్మ పాటలో ఏముంది?

బదిలీ ఉత్తర్వు రాగానే లారీలోకి ఏమేం ఎక్కించాలో మన ఇళ్లలో అందరికీ కంఠతా వచ్చు. ఆ జాబితాలో రాయకపోయినా ప్రతి ఊరికీ మనతో వచ్చేది అమ్మ పాడే లాలిపాట. ఇక్కడ గ్రేటర్ నోయిడాలో మేము తరగతిలో హిందీ, ఇంగ్లీషు, సంస్కృతం చదువుతాం. తెలుగు వినబడేది వంటింట్లో, లేదా అమ్మమ్మ ఫోన్ చేసినప్పుడు. అందుకే ఈసారి ఆ పాటల గురించి రాస్తున్నాం.

లాలిపాట నడక ఊయల ఊపును బట్టి ఉంటుంది. చెయ్యి ముందుకు వెళ్లి వెనక్కి వచ్చేలోపు ఒక పాదం అయిపోవాలి. చివర 'జో జో' అనో 'లాలి' అనో సాగదీస్తారు. తాళ్ళపాక అన్నమాచార్యులు (1408–1503) దేవుణ్ణే పసిబిడ్డగా భావించి జోలపాటలు రాశారు. అంతకు ముందే ఇళ్లలో తల్లులు పాడుతూ ఉండాలి కదా! వాళ్ల పేర్లు ఎవరూ రాసిపెట్టలేదు.

అమ్మల పాటలు నిద్రపుచ్చడానికే కాదు. 1955లో హైదరాబాదులోని ఆంధ్ర సారస్వత పరిషత్తు 'స్త్రీల రామాయణపు పాటలు' అనే సంకలనం ప్రచురించింది. ఆడవాళ్లు ఇంట్లో కలిసి కూర్చుని పాడుకున్న రామాయణం అది. అందులో యుద్ధాల కన్నా పురుళ్లు, పెళ్లిళ్లు, వదినామరదళ్ల మాటలు ఎక్కువ. కౌసల్యకు వేవిళ్లు వస్తాయి. పురిటి నొప్పులప్పుడు ఆమె పైనుంచి వేలాడే తాళ్లు పట్టుకుని నిలబడుతుంది. లక్ష్మణుడు అడవిలో ఉన్న 14 ఏళ్లూ ఊర్మిళ నిద్రపోతూనే ఉంటుంది. మన పాఠాల్లో 'రాముడు పుట్టాడు' అని ఒక్క వాక్యం ఉంటుంది. ఆరోజు కౌసల్య పడిన బాధను గుర్తుంచుకున్నవి ఈ పాటలే.

ఊరు వదిలి వచ్చినవాళ్లు అమ్మను పాటలో దాచుకోవడం మన దగ్గరే కాదు. ఒకప్పుడు ఇటలీ, స్పెయిన్‌ల నుంచి లక్షలమంది అర్జెంటీనాలోని బ్యూనస్ ఎయిర్స్‌కు వలస వెళ్లారు. అక్కడి టాంగో పాటల్లో అమ్మ, పాత ఇల్లు పదేపదే కనిపిస్తాయి. ఆ పాటలతో పేరు తెచ్చుకున్న కార్లోస్ గార్డెల్‌ను అతని తల్లి బట్టలు ఇస్త్రీ చేస్తూ ఒంటరిగా పెంచింది.

మాలో కొందరం మా ఇళ్ల పాటలు పక్కపక్కన పెట్టి చూశాం. విజయనగరం వాళ్ల పాటలో 'ఉయ్యాల' ఉంటే, కరీంనగర్ వాళ్ల పాటలో 'తొట్టెల' ఉంది. బిడ్డ పేరు వచ్చే చోట ఏ ఇంటి పేర్లు ఆ ఇంటివే. ఒక పాటలో మాత్రం ముత్తాత పేరు అలాగే ఉండిపోయింది!

మీరూ మీ ఇంటి పాట రాసుకోండి. తెలుగు అక్షరాలు రాకపోతే హిందీలోనే రాయండి. ఎవరు పాడారు, వాళ్లకు ఎవరు నేర్పారు, ఏ ఊళ్లో అన్నది పక్కనే రాయాలి. ఫోన్‌లో రికార్డు చేస్తే రాగం కూడా మిగులుతుంది.

మేము రాసిన ఒక పాటలో రెండో చరణం అమ్మకు గుర్తు లేదు. అమలాపురంలో ఉన్న పెద్దమ్మకు తెలుసట. వేసవి సెలవుల దాకా ఆగం, ఈ ఆదివారమే ఫోన్ చేస్తాం.