ఇంటి సర్వరుకు ఏ ఆపరేటింగ్ సిస్టమ్?

పెండ్లిళ్ల వీడియోలు, పిల్లల ఫోటోలు, మర్హూమ్ అబ్బాజాన్ గొంతులో ఖుర్ఆన్ పారాయణం - ఇవన్నీ మా ఇంట పెన్‌డ్రైవులలోనూ పాత ఫోన్లలోనూ చెల్లాచెదురుగా ఉండేవి. వాటిని ఒకచోట చేర్చి, ఇంటిల్లిపాదీ టీవీలో చూచుకొనే ఏర్పాటు చేయ సంకల్పించాము. మూలనున్న పాత కంప్యూటరు చాలునని తేలింది. తేలనిదల్లా, దానిలో ఏ ఆపరేటింగ్ సిస్టమ్ ఉంచాలన్నదే.

అప్పటికి దానిలో ఉన్నది విండోస్ 10. 2025 అక్టోబరు 14తో దానికి మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు ముగిసింది. విండోస్ 11కు టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు కావాలి. మా యంత్రంలో అది లేదు. క్రాక్ చేసిన ప్రతిని ఉచితంగా వేసి ఇస్తామన్నవారూ ఉన్నారు. అది ఇతరుల హక్కు గనుక వద్దన్నాము.

ఇక లినక్స్ మిగిలింది. ట్రూనాస్ గొప్పదే. దానిలోని జెడ్ఎఫ్ఎస్ అనే పద్ధతి, డిస్కులో ఫైళ్లు మనకు తెలియకుండా చెడిపోతే పసిగడుతుంది. అయితే దానికి కనీసం 8 జీబీ మెమరీ కావాలి; మాకున్నది నాలుగే. పైగా ఇదంతా అమర్చే మా అబ్బాయి ఉద్యోగరీత్యా పొరుగూరు వెళ్లనున్నాడు. అతడు లేనప్పుడు మేము చూచుకోగలిగినదే మాకు తగినది.

అందుకే ఓపెన్‌మీడియావాల్ట్ ఎంచుకున్నాము. దీని పునాది 1993లో మొదలైన డెబియన్. దాని ప్రతి స్థిర సంచికకు, పొడిగింపుతో కలిపి, సుమారు ఐదేళ్లు భద్రతా సవరణలు అందుతాయి. ఆజ్ఞలు టైపు చేయనక్కరలేదు. బ్రౌజరు తెరచి నిర్వహించవచ్చు. వీడియోలు చూపేందుకు జెల్లీఫిన్ చేర్చాము, అదీ ఉచితమే. టీవీకి చేతగాని రూపంలో వీడియో ఉంటే సర్వరు దానిని అప్పటికప్పుడు మార్చవలసి వస్తుంది, పాత ప్రాసెసరు ఆయాసపడుతుంది. కనుక వీడియోలను ముందుగానే హెచ్.264 లోకి మార్చి ఉంచాము.

ఇన్‌స్టాల్ చేసిననాడు మాత్రం గుండె ఆగినంత పనైంది. ఈ వ్యవస్థ తనకు ఇచ్చిన డిస్కును మొత్తంగా తుడిచివేస్తుంది. మా యంత్రంలోని రెండు డిస్కులూ ఒకే పరిమాణంవి. అబ్బాయి వేలు ఎంటర్ మీద ఉండగా "ఏది అబ్బాజాన్ డిస్కు బేటా?" అని అడిగాము. తెల్లబోయాడు. వెంటనే యంత్రం ఆపి, డేటా డిస్కు తీగ ఊడదీసి, అటుపిమ్మట పని పూర్తిచేశాడు. మీరూ ముందుగా ఆ తీగ ఊడదీయండి.

మరునాడే మరొక డిస్కు కొని అన్నిటికీ రెండవ ప్రతి తీయించాము. అది ఇప్పుడు మా చెల్లెలి ఇంట, బీరువాలో ఉన్నది.