తీపికీ పోటుకీ ఏమిటి చుట్టరికం?

మీ నాన్నగారికో, బామ్మగారికో చక్కెర వ్యాధి ఉన్నట్టు తేలిందనుకోండి. రక్త పరీక్ష కాగితం పట్టుకుని డాక్టరుగారి దగ్గరికి వెళతారు. ఆయన కాగితం చూస్తారు, నాలుగు ప్రశ్నలు అడుగుతారు, ఆ వెంటనే రోగి జబ్బకి గుడ్డపట్టీ చుట్టి గాలి కొట్టడం మొదలుపెడతారు. మరో రెండుసార్లు రమ్మని, అప్పుడూ చూసి, "బీపీ కూడా ఉందండీ" అంటారు. ఇంటికి వచ్చేటప్పటికి చేతిలో రెండు రకాల మాత్రలుంటాయి. కాని పలకరించడానికి వచ్చిన చుట్టాలంతా అడిగేది ఒకటే మాట: "షుగరెంత ఉంది?" రెండో అంకె సంగతి ఎవరికీ పట్టదు.

ఆ రెండో అంకె గురించే ఇప్పుడు చెప్పుకుందాం. చక్కెర ఉండేది రక్తంలో. పోటు ఉండేదీ రక్తంలోనే. అయినా ఒకటి రుచికి సంబంధించినది, రెండోది తోపుడుకి సంబంధించినది. ఈ రెండింటికీ చుట్టరికం ఎక్కడ కలిసింది?

ముందు పోటు అంటే ఏమిటో చూద్దాం. స్టీఫెన్ హేల్స్ అనే ఇంగ్లీషు మతాచార్యుడు ఒక ఆడగుర్రాన్ని కదలకుండా కట్టి, దాని తొడ ధమనిలోకి ఇత్తడి గొట్టం గుచ్చి, దానికి పొడవాటి గాజు గొట్టం నిలువుగా అమర్చాడు. రక్తం గాజు గొట్టంలో 8 అడుగుల 3 అంగుళాల ఎత్తుకి ఎగబాకింది! ఈ సంగతి 1733లో అచ్చయిన ఆయన పుస్తకంలో ఉంది. పాపం, గుర్రం! మనుషులకి ఇలా చెయ్యలేం కనక, 1896లో ఇటలీ డాక్టరు రివా-రోచీ చేతికి చుట్టే పట్టీని తయారుచేశాడు. 1905లో రష్యా డాక్టరు కొరొత్కోవ్ పట్టీ కింద ధమనిమీద స్టెతస్కోపు పెట్టి చప్పుళ్ళు వినడం నేర్పాడు. 120/80 అనే రెండు అంకెలు అలా వచ్చినవే. గుండె ముడుచుకున్నప్పటి పోటు 120, సడలినప్పటిది 80. ఇవి పాదరసం ఎత్తు లెక్కన మిల్లీమీటర్లు. పాదరసం నీటికన్నా 13.6 రెట్లు బరువైనది, రక్తం నీటికన్నా కాస్తే బరువు. లెక్క వేసి చూడండి: 120 మిల్లీమీటర్ల పాదరసాన్ని నిలబెట్టే పోటు, రక్తాన్నయితే సుమారు 5 అడుగుల ఎత్తు నిలబెడుతుంది. పోటు 150 అయితే ఆ ఎత్తు 6 అడుగులు దాటుతుంది. ఇంత తోపుడుని మన రక్తనాళాల గోడలు రాత్రీ పగలూ కాచుకుంటున్నాయన్నమాట.

ఇక చుట్టరికం. దాన్ని వెతకడానికి మూత్రపిండాల్లోకి వెళ్ళాలి.

మీ జీవశాస్త్రంలో విసర్జన పాఠం గుర్తుందా? ఒక్కొక్క మూత్రపిండంలో సుమారు పది లక్షల నెఫ్రాన్లు. ఒక్కొక్క నెఫ్రాన్ మొదట్లో రక్తకేశనాళికా గుచ్ఛం. అదే వడపోత గుడ్డ. రెండు మూత్రపిండాలూ కలిసి రోజుకి సుమారు 180 లీటర్ల ద్రవాన్ని వడకడతాయి. ఒంట్లో ఉన్న రక్తమే 5 లీటర్లు, 180 ఎక్కడివంటారా? ఉన్న ద్రవమే పదేపదే తిరిగి వస్తుంది. ఏ లీటరున్నరో మూత్రంగా పోయి, తక్కినదంతా నాళికలు మళ్ళీ రక్తంలోకి పీల్చేస్తాయి. ఆ 180 లీటర్లతోబాటు సుమారు 180 గ్రాముల చక్కెర కూడా వడకట్టులోకి దిగుతుంది. ఆరోగ్యవంతుడి నాళికలు దాన్ని దాదాపు పూర్తిగా వెనక్కి లాగేసుకుంటాయి.

ఇక్కడే ఉంది కిటుకు. చక్కెరను లాగే ప్రోటీన్లు దాన్ని ఒంటరిగా లాగలేవు. చక్కెర అణువుకి తోడుగా సోడియం కూడా రావాలి. ఉప్పులో ఉండే సోడియమే! రక్తంలో తీపి ఎక్కువైతే వడకట్టులో దిగే తీపీ ఎక్కువే. దాన్ని లాగే పనిలో సోడియం కూడా ఎక్కువగా వెనక్కి వచ్చేస్తుంది. ఉప్పున్నచోట నీరు చేరుతుంది. నాళాల్లో ద్రవం పెరుగుతుంది, పోటు హెచ్చుతుంది. (ఈ లాగుడుని ఆపి, చక్కెరనూ కొంత సోడియాన్నీ మూత్రంలోకి వదిలించే మందులు 2012 నుంచి వాడుకలోకి వచ్చాయి. షుగరుకని ఇచ్చే ఈ మందులు పోటును కూడా కొద్దిగా తగ్గిస్తాయి. ఎందుకో మీకిప్పుడు అర్థమై ఉంటుంది.)

రెండో రకం మధుమేహంలో ఇంకో తమాషా ఉంది. ఇందులో, ముఖ్యంగా మొదట్లో, ఇన్సులిన్‌కు కరువేమీ ఉండదు. కండరాలూ కాలేయమూ దాని మాట వినవు, అంతే. వినడం లేదని క్లోమం మరింత ఇన్సులిన్ పంపుతుంది. అయితే ఇన్సులిన్ మూత్రపిండానికి చెప్పే మాట ఒకటుంది: "సోడియం పారెయ్యకు, దాచిపెట్టు." మిగతా అవయవాలు వినకపోయినా, ఈ ఒక్క మాటనీ మూత్రపిండం బుద్ధిగా వింటూనే ఉంటుంది! బొజ్జలో చేరిన కొవ్వు కూడా ఇదే దారిలో పోటును పెంచుతుంది. అందుకే చాలామందిలో షుగరు బయటపడేనాటికే పోటు ఇంట్లో దిగి కూర్చుని ఉంటుంది. ఏది ముందు వచ్చిందని తగువు పెట్టుకోవడం దండగ. ఒకే చెట్టు కొమ్మలవి.

మూడో దారి నాళాల గోడల్లో ఉంది. పాలు కోవా అయ్యేటప్పుడూ, రొట్టె కాలేటప్పుడూ ఎర్రబడటం చూశారు కదా. చక్కెరా ప్రోటీనూ కలిసి చేసే పని అది. ఫ్రాన్సు దేశపు రసాయన శాస్త్రవేత్త మాయార్ దీన్ని 1912లో వివరించాడు. పొయ్యిమీద నిమిషాల్లో జరిగే ఈ చర్య మన ఒంటి వేడిలో ఏళ్ళ తరబడి నెమ్మదిగా జరుగుతుంది. ధమని గోడల్లో కొల్లాజెన్ అనే ప్రోటీన్ పోగులున్నాయి. చక్కెర పట్టుకుని వాటిని ఒకదానికొకటి ముడి వేస్తుంది. సాగే గోడ బిరుసెక్కుతుంది. గుండె రక్తాన్ని చిమ్మినప్పుడు సాగి తోపుడుని తగ్గించవలసిన గోడ సాగకపోతే, పై అంకె పెరగక ఏం చేస్తుంది?

ఇప్పుడు రెండూ కలిసి చేసే నష్టం చూడండి. వడపోత గుచ్ఛంలోకి రక్తం తెచ్చేది అభివాహి ధమనిక, బయటికి తీసుకుపోయేది అపవాహి ధమనిక. మధుమేహంలో తెచ్చే గొట్టం వెడల్పవుతుంది, తీసుకుపోయేది బిగుసుకుంటుంది. నడుమ ఉన్న గుచ్ఛంలో ఒత్తిడి పెరుగుతుంది. దానికితోడు అసలు పోటే ఎక్కువగా ఉంటే? వడపోత గుడ్డ దెబ్బతిని, రక్తంలో ఉండిపోవలసిన ఆల్బుమిన్ అనే ప్రోటీన్ మూత్రంలోకి కారుతుంది. దెబ్బతిన్న మూత్రపిండం ఉప్పును సరిగా వదలలేదు. దాంతో పోటు మరింత పెరుగుతుంది. పెరిగిన పోటు మిగిలిన గుచ్ఛాలను దెబ్బతీస్తుంది. గానుగెద్దు తిరిగినట్టు ఇది తిరుగుతూనే ఉంటుంది. కంటి వెనక రెటీనాలోని సన్నని కేశనాళికలకూ ఇలాంటి గతే పడుతుంది. ఇంత జరుగుతున్నా రోగికి ఏ బాధా తెలియకపోవచ్చు. "నాకు తలనొప్పి లేదు, తల తిరగడం లేదు, బీపీ ఎక్కడిది?" అనే పెద్దమనిషి మాట ఎంతమాత్రం నమ్మదగింది కాదు. మూత్రంలో ఆల్బుమిన్ పరీక్ష ఏడాదికొకసారైనా చేయించమనేది, లోపలి సంగతి అది ముందుగా చెబుతుంది కనకనే.

సరే, పోటు తగ్గిస్తే నిజంగా మేలు జరుగుతుందా? ఊహించి చెప్పడం కాదు, బ్రిటన్‌లో పరీక్షించి చూశారు. రెండో రకం మధుమేహమూ, పోటూ రెండూ ఉన్న 1148 మందిని రెండు జట్లు చేశారు. ఒక జట్టుకి పోటును గట్టిగా అదుపు చేశారు, రెండో జట్టుకి కాస్త వదులుగా. సగటున మొదటి జట్టు పోటు 144/82, రెండో జట్టుది 154/87. తేడా చూడండి, పైన 10, కింద 5. ఏమంత పెద్దది కాదు. ఎనిమిదేళ్ళు దాటాక లెక్క తీసి 1998లో ప్రకటించారు. గట్టి జట్టులో పక్షవాతం 44 శాతం తక్కువ. మధుమేహం మూలంగా వచ్చే మరణాలు 32 శాతం తక్కువ. కంటిలోనూ మూత్రపిండంలోనూ సన్ననాళాల జబ్బులు 37 శాతం తక్కువ. అయితే ఈ అదుపు ఒక్క మాత్రతో సాధ్యం కాలేదు. తొమ్మిదేళ్ళయ్యేసరికి గట్టి జట్టులో 29 శాతం మందికి మూడో, అంతకన్నా ఎక్కువో మందులు కావలసి వచ్చాయి. కాబట్టి ఇంట్లో పెద్దవాళ్ళకి రెండో మాత్ర రాశారంటే "జబ్బు ముదిరిపోయింది" అని బెంబేలెత్తనక్కరలేదు.

నా దృష్టిలో అసలు కథ ఆ తర్వాతది. పరీక్ష ముగిశాక ఎవరి వైద్యం వాళ్ళు చేయించుకోసాగారు. రెండేళ్ళలోపే రెండు జట్ల పోట్లూ ఒకటైపోయాయి. 2008లో మళ్ళీ లెక్క చూస్తే, గట్టి జట్టు సంపాదించిన మేలు నిలవలేదు! వింత ఏమిటంటే, అదే పరిశోధనలో మొదట్లో చక్కెరను బాగా అదుపు చేసినవాళ్ళకి మాత్రం, తర్వాత తేడా చెరిగిపోయినా మేలు మిగిలే ఉంది. చక్కెర విషయంలో పాత పొదుపు కొంత అక్కరకొస్తుంది. పోటు విషయంలో ఏనాటి కూలి ఆనాటిదే. "బీపీ మామూలుకి వచ్చింది కదా, ఇంక మాత్ర ఎందుకు?" అని మానేసేవాళ్ళు మన వీధిలోనే నలుగురుంటారు. మామూలుకి వచ్చింది ఆ మాత్రవల్లనే అని వాళ్ళకి చెప్పవలసింది మీరే.

ఆ బ్రిటన్ పరీక్షలో వాడిన ఒక మందు, కాప్టోప్రిల్, పుట్టింది ఎక్కడో తెలుసా? పాము విషంలో! బ్రెజిల్‌లో జరరాక అనే పాముంది. మన రక్తపింజరి కుటుంబానిదే. అది కరిస్తే మనిషి రక్తపుపోటు పడిపోతుంది. బ్రెజిల్ శాస్త్రవేత్త సెర్జియో ఫెరైరా 1965లో ఆ విషంలోని ఒక పదార్థాన్ని గురించి ప్రకటించాడు. దాని ఆధారంగా అమెరికాలో కుష్‌మన్, ఒండెట్టి అనే ఇద్దరు కాప్టోప్రిల్‌ను తయారుచేశారు. 1981లో అది అక్కడ అనుమతి పొందింది. మన ఒంట్లో యాంజియోటెన్సిన్ అనే పదార్థం నాళాలను బిగిస్తుంది. ముఖ్యంగా ఇందాక చెప్పిన అపవాహి ధమనికను. ఈ మందు దాని తయారీని అడ్డుకుంటుంది. బయటికి పోయే దారి వెడల్పై గుచ్ఛంలో ఒత్తిడి దిగుతుంది. కొందరికి పొడి దగ్గు వస్తుంది. అటువంటివారికి వేరే రకం మందు ఇస్తారు.

పోటును ఎంత తగ్గించాలి? ఇక్కడ పండితులు చాలాకాలం వాదించుకున్నారు. పై అంకెను 120కి లోపుగా దించాలని అమెరికాలో 4733 మందిమీద చూసి, గుండె జబ్బుల మొత్తంలో నమ్మదగినంత తేడా లేదని 2010లో చెప్పారు. పక్షవాతం మాత్రం తగ్గింది. చైనాలో 12 వేలకు పైగా మధుమేహ రోగులమీద ఇదే ప్రశ్న అడిగి, గుండెపోటు, పక్షవాతం వంటివి సుమారు అయిదోవంతు తగ్గాయని 2024లో ప్రకటించారు. చాలామంది రోగులకి 130/80కి లోపు ఉంటే మంచిదని డాక్టర్లు చూస్తారు. వయసు మళ్ళినవారికి, లేచి నిలబడగానే కళ్ళు తిరిగేవారికి ఆ గీత కొంచెం పైకి జరుపుతారు. మధుమేహం నరాలను కూడా తాకుతుంది కనక, అటువంటివారు పడక మీంచి ఒక్కసారిగా లేవకూడదు.

మన దేశంలో ఇది చిన్న సమస్య కాదు. భారత వైద్య పరిశోధన మండలి జరిపించిన సర్వే ప్రకారం 2021లో సుమారు 10 కోట్ల 10 లక్షల మందికి మధుమేహం ఉంది. పోటు పెద్దవాళ్ళలో మూడోవంతుకు పైగా ఉంది. ఇక మన పళ్ళెం చూడబోతే ఆవకాయ, అప్పడాలు, ఊరమిరపకాయలు, మజ్జిగలో మళ్ళీ ఉప్పు! రోజుకి 5 గ్రాములకు లోపు, అంటే ఒక చిన్న చెంచాకు మించకుండా ఉప్పు తినమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఒక ఊరగాయ బద్దతో ఆ కోటాలో ఎంతో భాగం అయిపోతుంది. బజార్లో సోడియం తక్కువని అమ్మే ఉప్పులో దాని బదులు పొటాషియం ఉంటుంది. మూత్రపిండాలు దెబ్బతిన్నవారికీ, కాప్టోప్రిల్ వంటి మందులు వాడేవారికీ అది ప్రమాదం కావచ్చు. డాక్టరుని అడగకుండా కొనవద్దు.

ఇంట్లో పోటు చూసే యంత్రం ఉంటే ఆ పని మీరు చెయ్యవచ్చు. అయిదు నిమిషాలు కదలకుండా కూర్చోబెట్టండి. వీపుకి ఆనుకునేందుకు కుర్చీ, పాదాలు నేలమీద, కాలుమీద కాలు వెయ్యకూడదు. అంతకు ముందు అరగంటలో కాఫీ, చుట్ట పనికిరావు. మూత్రానికి వెళ్ళి వచ్చి కూర్చోవాలి. పట్టీ బిగించాక మాట్లాడకూడదు. మాట్లాడితే అంకె పెరుగుతుంది. బామ్మగార్ల విషయంలో ఇదే కష్టమైన షరతు. చెయ్యి గుండె ఎత్తున బల్లమీద ఆనించాలి. గుండెకన్నా 10 సెంటీమీటర్లు కిందికి వేలాడితే సుమారు 8 మిల్లీమీటర్లు ఎక్కువ చూపిస్తుంది. ఎందుకో హేల్స్ గాజు గొట్టం గుర్తుచేసుకుని లెక్క కట్టండి. మొదటిసారి రెండు చేతులకీ చూసి, ఎక్కువ వచ్చిన చేతికే ఆ తర్వాత చూడాలి. నిమిషం ఎడంతో రెండుసార్లు చూసి, తేదీ, వేళ, రెండు అంకెలూ పుస్తకంలో రాయండి. ఒక్కసారి ఎక్కువ వచ్చిందని మాత్రలు మీరే పెంచడం, తగ్గించడం చెయ్యకూడదు. ఛాతీలో నొప్పి, మూతి వంకర పోవడం, మాట తడబడటం కనిపిస్తే మాత్రం యంత్రం కోసం వెతుక్కోకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. మిగతా రోజుల్లో, డాక్టరుగారి దగ్గరికి వెళ్ళేటప్పుడు షుగరు కాగితంతోబాటు ఆ పుస్తకం కూడా సంచిలో పెట్టండి.