బొగ్గు కంటే ముందు గొడ్డలి?

గాలిలో కార్బన్ డయాక్సైడ్‌ని మనిషి ఎప్పటి నుంచి పెంచుతున్నాడని అడిగితే మనలో చాలామంది ఠక్కున ఆవిరి యంత్రం పేరు చెప్పేస్తాం. వర్జీనియా విశ్వవిద్యాలయానికి చెందిన విలియం రడిమన్ 2003లో ఆ మాట కాదన్నాడు. ఆయన దృష్టిలో మొదటి ముద్దాయి బొగ్గు కాదు, దాదాపు 8000 ఏళ్ల కిందట గొడ్డలితో అడవి నరికి పంట వేసిన రైతు.

సాక్ష్యం అంటార్కిటికా మంచులో ఉంది. పడిన మంచు గట్టిపడేటప్పుడు ఆనాటి గాలి బుడగలుగా అందులో ఇరుక్కుపోతుంది. అలా 8 లక్షల ఏళ్ల గాలి మన చేతికొచ్చింది. అంతకుముందు వచ్చిన వెచ్చని కాలాల్లో చాలావాటిలో కార్బన్ డయాక్సైడ్ మొదట పెరిగి, తర్వాత మెల్లగా తగ్గుతూ పోయింది. ఈసారి మాత్రం సుమారు 260 పీపీఎం దాకా దిగి, వెనక్కి తిరిగి, 1750 నాటికి 280కి చేరింది. మీథేన్ కూడా 5000 ఏళ్ల కిందట ఇలాగే మలుపు తిరిగింది.

మీథేన్ సంగతి మనకి కొత్తేం కాదు. నీళ్లు నిలిచిన వరి మడిలో కాలు పెడితే బుడగలు వస్తాయి కదా, వాటిలో ఉండేది ముఖ్యంగా అదే. ఆక్సిజన్ అందని బురదలో సూక్ష్మజీవులు చేసే పని. ఆసియాలో మాగాణి సాగు, పశువులు పెరగడంతో మీథేన్ పెరిగిందనడం నాకైతే నమ్మబుద్ధి అవుతుంది. దక్షిణార్ధగోళపు చిత్తడి నేలల్లో వానలు పెరగడమే కారణమనే వాళ్లూ ఉన్నారు.

కార్బన్ డయాక్సైడ్ దగ్గరే అసలు పేచీ. అప్పటి జనాభా ఎంతని? అంత కొద్దిమంది గాలినే మార్చేశారా? దీనికి రడిమన్ జవాబు బాగుంటుంది: పోడు వ్యవసాయంలో ఏళ్ల తరబడి చోటు మారుస్తూ పోతారు కాబట్టి తలసరి నేల ఇప్పటికంటే చాలా ఎక్కువ కావాలి. సరే, ఒప్పుకుందాం.

కానీ కార్బన్-13 ఒప్పుకోదు. మొక్కలు తేలికైన కార్బన్-12నే ఎక్కువగా పీల్చుకుంటాయి. అడవులు తగలబడితే ఆ తేలిక కార్బన్ గాలిలో కలిసి, కార్బన్-13 వాటా తగ్గాలి. 2009లో మంచు బుడగల్లో కొలిచి చూస్తే గత కొన్ని వేల ఏళ్లలో ఆ తగ్గుదల చాలా స్వల్పం. అంటే ఆ 20 పీపీఎంలో ఎక్కువ భాగం సముద్రం నుంచి వచ్చి ఉండాలన్నారు. రడిమన్ ఊరుకోలేదు. ఉత్తరాది పీట్ బురదనేలలు అదే కాలంలో బోలెడు తేలిక కార్బన్‌ని పాతిపెట్టాయి, అందుకే అడవుల జాడ కనబడట్లేదన్నాడు. జమ, ఖర్చు రెండూ పెద్దవైతే నిల్వ మారదు కదా, అదీ వాదన. ఇది ఇంకా తేలలేదు.

ఇది తేలలేదు కాబట్టి ఇప్పటి పెరుగుదలా అనుమానమే అని కొందరు అంటుంటారు. అది కుదరదు. రైతుని దాదాపు వదిలేసిన ఆ పరీక్షే మనల్ని పట్టిస్తోంది. పారిశ్రామిక కాలంలో కార్బన్-13 వాటా స్పష్టంగా పడిపోయింది. పైగా కోట్ల ఏళ్ల నాటి బొగ్గులో కార్బన్-14 మిగలదు. ఆ లేమి గాలిలో కనబడుతోందని హాన్స్ జ్యూస్ 1950లలోనే చూపించాడు. వేగం చూసినా అంతే: అప్పట్లో 20 పీపీఎం పెరగడానికి దాదాపు 7000 ఏళ్లు పట్టింది, ఇప్పుడు పదేళ్లు కూడా పట్టట్లేదు.