కుక్ కావాలనుకునే వాళ్లకు మొదటి కత్తి: 200 రియాల్లలో ఏం చూసి కొనాలి?

ఈ ఎపిసోడ్‌లో కత్తుల గురించి చాలాసేపు మాట్లాడుకున్నాం. విన్నప్పుడు అంతా అర్థమైనట్టే ఉంటుంది, షాపులో నిలబడ్డాక సగం మర్చిపోతాం. అందుకే ముఖ్యమైన విషయాలు ఇక్కడ వరసగా రాసి పెడుతున్నాం. పేజీ ఫోన్‌లో సేవ్ చేసుకోండి, కొనేటప్పుడు తీసి చూసుకోండి.

ఇది ముఖ్యంగా రియాద్‌లోనో, జెద్దాలోనో, దమ్మామ్‌లోనో హోటల్ కిచెన్‌లో, క్యాంప్ మెస్‌లో హెల్పర్‌గా పని చేస్తూ, రేపు కుక్ కావాలనుకుంటున్న తమ్ముళ్ల కోసం. హెల్పర్ జీతానికీ కుక్ జీతానికీ ఉన్న తేడా నెలనెలా ఇంటికి పంపే డబ్బులో కనిపిస్తుంది. పెద్ద కుక్ మీకు పొయ్యి దగ్గర పని ఇచ్చే ముందు చూసేది మీ కోత. ముక్కలన్నీ ఒకే సైజులో ఉంటే ఒకేసారి ఉడుకుతాయి. చిన్నా పెద్దా కలిసిపోతే కొన్ని మాడతాయి, కొన్ని పచ్చిగా మిగులుతాయి. మొద్దు కత్తితో ఎంత కష్టపడ్డా ఆ కోత రాదు.

మేం చెప్పేది ఒక్కటే: ఎనిమిది అంగుళాల కత్తి ఒకటి, సానరాయి ఒకటి కొనండి. డబ్బంతా కత్తి మీదే పెట్టొద్దు. మీ దగ్గర 200 రియాల్లు ఉంటే 150 కత్తికి, 50 రాయికి అనుకోండి. రాయి లేకపోతే 500 రియాల్ల కత్తి కూడా కొన్ని నెలల్లో మొద్దైపోతుంది.

కత్తిపీట అలవాటు వేరు, కత్తి అలవాటు వేరు

మనలో చాలామంది ఇంట్లో అమ్మ కత్తిపీట మీద కూర కోయడం చూసి పెరిగినవాళ్లమే. కత్తిపీటకు బ్లేడు కదలదు, కూరగాయను మనమే దాని మీదికి నెడతాం. కిచెన్ కత్తికి దీనికి ఉల్టా. కూరగాయ బోర్డు మీద ఆగి ఉంటుంది, బ్లేడు కదులుతుంది. అందుకే కూరగాయను పట్టుకున్న ఎడమ చేయి వేళ్ల కొనలు లోపలికి ముడవాలి. బ్లేడు పక్కభాగం వేలి కణుపుకు ఆనుకుని పైకీ కిందికీ కదలాలి. కుడి చేత్తో పిడిని వెనకెక్కడో పట్టుకోకుండా, బొటనవేలు, చూపుడువేలు బ్లేడు మొదట్లో చెరో పక్క ఉండేలా పట్టండి. కత్తి మీరు చెప్పినట్టు వింటుంది. ఈ పట్టు వస్తే వేలు తెగే భయం చాలా తగ్గుతుంది.

సెట్టు వద్దు, ఒక్కటి చాలు

ఆరు కత్తులు, ఒక కత్తెర, చెక్క స్టాండ్ కలిపి చవగ్గా అమ్మే సెట్లు మాల్స్‌లో కనిపిస్తాయి. వాటిలో నాలుగైదు మీరు ముట్టుకోరు. అంత ధరకు అన్ని వస్తున్నాయంటే ఉక్కు మామూలుదే అయ్యుంటుంది. ఎనిమిది అంగుళాల కత్తి, అంటే బ్లేడు పొడవు సుమారు 20 సెంటీమీటర్లు, ఉల్లిగడ్డ నుంచి క్యాబేజీ దాకా, ఎముకల్లేని మాంసానికి కూడా సరిపోతుంది. పెద్ద కిచెన్‌లో పది అంగుళాలది అడగొచ్చు, అది తర్వాత సంగతి.

ఒకటి మాత్రం గుర్తుంచుకోండి. ఈ కత్తితో ఎముకలు కొట్టొద్దు. మందీకి, కబ్సాకి గొర్రె ఎముకలు కొట్టేది బరువైన కత్తి, అరబ్బులు దాన్ని సాతూర్ అంటారు. ఆ పని దాంతోనే చేయాలి. గడ్డ కట్టిన ఫ్రోజెన్ కోడిని ఈ కత్తితో కొడితే అంచు పలుకులుగా లేచిపోతుంది. కరిగాకే కోయండి.

ఉక్కు సంగతి

ఉక్కులో కార్బన్ ఎక్కువుంటే కత్తి గట్టిగా తయారవుతుంది, పదును ఎక్కువ రోజులు నిలుస్తుంది. కానీ పెళుసుగా ఉంటుంది, నూరడం కూడా కష్టం. క్రోమియం బాగా ఉంటే తుప్పు పట్టదు. నిమ్మకాయ, టమాటా, ఉప్పు రోజంతా తగిలే కిచెన్‌లో తుప్పు పట్టే కత్తి కొత్తవాళ్లకు తలనొప్పి.

చాలా జర్మన్, స్విస్ కత్తుల మీద ఎక్స్50 సీఆర్ ఎంఓ వీ 15 అని గాని, 1.4116 అని గాని ఉంటుంది. రెండూ ఒకే ఉక్కు. 50 అంటే అర శాతం కార్బన్. 15 అంటే సుమారు 15 శాతం క్రోమియం. గట్టిదనం కొలిచే రాక్‌వెల్ లెక్కలో ఇది మామూలుగా 55, 56 దగ్గర ఉంటుంది. జపాన్ వీజీ-10 ఉక్కు 60 దాటుతుంది. అది మంచి ఉక్కే, కానీ కింద పడితే పలుకు లేస్తుంది, రాయి మీద పట్టు వచ్చినవాళ్లకే సరిపోతుంది. మొదటి కత్తికి 1.4116 లాంటి ఉక్కే మేలు. త్వరగా నూరుకోవచ్చు, రఫ్‌గా వాడినా తట్టుకుంటుంది. చైనా కత్తుల మీద 5 సీఆర్ 15 ఎంఓవీ అని ఉంటే అది కూడా దాదాపు ఇదే రకం. 3 సీఆర్ 13 అని ఉంటే మెత్తటి ఉక్కు, పదును త్వరగా పోతుంది.

ఏ పేర్లు చూడాలి?

ప్రపంచమంతా హోటల్ కిచెన్లలో కనిపించే కత్తి విక్టోరినాక్స్ ఫైబ్రాక్స్. 1884లో మొదలైన స్విట్జర్లాండ్ కంపెనీది. అమెరికాలో ఎనిమిది అంగుళాలది 50 డాలర్ల అటూ ఇటూ పలుకుతుంది. డాలర్‌కు 3.75 రియాల్ల లెక్కన దాదాపు 190. ఇక్కడ షాపును బట్టి ధర మారుతుంది. 200లో రాయి కూడా రావాలంటే బ్రెజిల్ కంపెనీ ట్రామోంటినాలో తెల్ల ప్లాస్టిక్ పిడి ఉన్న ప్రొఫెషనల్ రకం, లేదా ఐకియాలో 365 ప్లస్ రకం చూడండి. ఇంకా తక్కువలో అయితే థాయ్‌లాండ్ కివీ కత్తి. బ్లేడు పల్చన, ఉక్కు మెత్తన, తరచూ నూరాలి. కూరగాయల కోత, నూరడం నేర్చుకోవడానికి మాత్రం బాగుంటుంది.

మోసపోయే చోట్లు రెండు. ఒకటి, బ్లేడు మీద అలలు అలలుగా గీతలున్న చవక ‘డమాస్కస్’ కత్తి. చాలావాటికి ఆ గీతలు పైపైన ముద్రించినవే, లోపల మామూలు ఉక్కు. రెండోది, ‘జర్మన్ స్టీల్’ అన్న మాట. ఉక్కు పేరు చెప్పినంత మాత్రాన కత్తి జర్మనీలో తయారైనట్టు కాదు. జర్మనీలో కత్తులకు పేరుపడ్డ ఊరు జోలింగెన్. ఆ ఊరి పేరును అక్కడ తయారైన కత్తుల మీదే వేయాలని 1938 నుంచే జర్మనీలో చట్టం ఉంది. పాతిక రియాల్ల కత్తి మీద ఆ పేరు కనిపిస్తే నమ్మొద్దు.

షాపులో ఐదు నిమిషాలు

ఆన్‌లైన్ కంటే చేత్తో పట్టి చూసి కొనడం మంచిది. రియాద్‌లో బత్హా, జెద్దాలో బలద్ లాంటి బజార్లు మనవాళ్లకు తెలిసినవే. హోటల్ సామాను అమ్మే షాపులుంటే అక్కడ ముందు అడగండి. కత్తిని అరబీలో సిక్కీన్ అంటారు.

• కత్తిని కంటి ఎదురుగా పెట్టి అంచు వెంట చూడండి. వంకర ఉండకూడదు.
• బ్లేడు అంచు దగ్గరికి వచ్చేసరికి పల్చబడాలి. చివరిదాకా మందంగా ఉంటే క్యారెట్ కోతకు బదులు చీలుతుంది.
• బల్ల మీద కోస్తున్నట్టు పెట్టి చూడండి. పిడి పట్టుకున్న వేళ్లు బల్లకు తగలకూడదు.
• తడి చేత్తో పట్టినా జారని పిడి కావాలి. నున్నటి స్టీల్ పిడి నూనె చేతికి జారుతుంది. చెక్క పిడిని చాలా కిచెన్లలో ఒప్పుకోరు.
• ధర 15 శాతం వ్యాట్ కలిపి చెప్పారో లేదో అడగండి. బిల్లు తీసుకోండి. ప్యాకింగ్ విప్పకుండా రూముకు తీసుకెళ్లండి.

సొంత కత్తి పనికి తీసుకెళ్లే ముందు మీ షెఫ్‌ను అడగండి. కొన్ని కిచెన్లలో పచ్చి మాంసానికి, చేపకు, కూరగాయలకు వేర్వేరు రంగు పిడులు వాడాలనే రూల్ ఉంటుంది.

పదును మీ చేతిలోనే

1000 నంబర్ సానరాయి ఒకటి చాలు. రాయిని ప్యాకెట్ మీద చెప్పినట్టు తడిపి, కింద తడిగుడ్డ వేసి పెట్టండి. కత్తిని రాయికి నిలువుగా పెడితే 90 డిగ్రీలు. అందులో సగం వంచితే 45, ఇంకో సగం వంచితే సుమారు 22. దానికి కొంచెం తక్కువలో ఆపండి. అదే వాలు తగ్గకుండా పెరగకుండా ముందుకూ వెనక్కూ నూరండి. అవతలి పక్క వేలిని అంచు నుంచి బయటి వైపుకు మెల్లగా జరిపితే సన్నటి గరుకు తగలాలి. తగిలిందంటే ఈ పక్క అయిపోయింది, తిప్పి రెండో పక్క నూరండి. చివర్లో రెండు పక్కలా తేలిగ్గా కొన్నిసార్లు నూరితే ఆ గరుకు పోతుంది.

కిచెన్‌లో షెఫ్‌లు గీసే పొడవాటి స్టీల్ రాడ్ కొత్త పదును పెట్టదు. వంగిన అంచును నిటారు చేస్తుంది, అంతే. రాయి లేని రోజు పింగాణీ టీ కప్పు బోర్లించండి. అడుగున నున్నగా లేని గుండ్రటి అంచు ఉంటుంది. దాని మీద నూరినా పని గడుస్తుంది. ఇళ్లలో వంట పని చేసే అక్కలకు కత్తి మేడం కొన్నదే ఉంటుంది కాబట్టి ఈ కప్పు ఉపాయం బాగా పనికొస్తుంది.

గాజు, పాలరాయి, స్టీల్ ప్లేటు మీద కోయొద్దు, పదును ఆ రోజే పోతుంది. వాడగానే కడిగి తుడవండి. సబ్బు నీళ్ల సింక్‌లో కత్తి వదలొద్దు, తర్వాత చెయ్యి పెట్టేవాళ్లకు కనపడదు. జారి పడుతున్న కత్తిని పట్టుకోబోవద్దు, వెనక్కి జరగండి. సెలవుకు ఇంటికి వెళ్లేటప్పుడు అట్టలో చుట్టి చెక్-ఇన్ బ్యాగులోనే పెట్టండి, చేతి బ్యాగులో పెడితే ఎయిర్‌పోర్టులో తీసేసుకుంటారు.

పనిలో చెయ్యి తెగితే చిన్నదే కదా అని దాచొద్దు. ఆ రోజే సూపర్‌వైజర్‌కు మెసేజ్ రూపంలో చెప్పండి, ఆస్పత్రి కాగితాలు దాచుకోండి. కంపెనీల్లో పని చేసే విదేశీ కార్మికులకు పనిలో దెబ్బలు తగిలితే వర్తించే గోసీ బీమా ఉంది. దానికి జీతం మీద 2 శాతం యజమానే కట్టాలి, మీ జీతంలో కోయకూడదు.

కత్తి కొన్నాక మొదటి నెల రోజూ ఒక కిలో ఉల్లిగడ్డ ఒకే సైజులో కోయడం అలవాటు చేసుకోండి. మెస్‌లో వంటకు ఎలాగూ కావాల్సిందే. నూరడంలో ఎక్కడైనా ఆగిపోతే వాయిస్ మెసేజ్ పంపండి, వచ్చే ఎపిసోడ్‌లో మాట్లాడుకుందాం.