చైనా బ్యాటరీలు, గరివిడి మాంగనీసు

విజయనగరం: చైనాలో బ్యాటరీ కార్ల జోరు పెరిగింది గనుక మాంగనీసుకు మంచి రోజులు వచ్చినట్లేనని లెక్క వేసుకుంటున్న వర్తకులు మన గరివిడి, చీపురుపల్లి బజార్లలో లేకపోలేదు. ఈ లెక్క నమ్మి సరుకు నిలవ చేసేవారు ఒకసారి ఆగి ఆలోచించడం మంచిది.

2021లో ఎవర్‌గ్రాండ్ సంస్థ బాకీలు తీర్చలేక చేతులెత్తేసింది. నాటి నుంచి చైనాలో ఇళ్ల వ్యాపారం కుంగిపోయింది. అక్కడి ప్రభుత్వం బ్యాంకుల అప్పులను ఇళ్ల వైపు నుంచి ఫ్యాక్టరీల వైపు మళ్లించింది. సౌర పలకలు, లిథియం బ్యాటరీలు, విద్యుత్ కార్లు, ఈ మూడింటి ఎగుమతే 2023లో లక్షా 6 వేల కోట్ల యువాన్లకు చేరింది. ఇది అంతకు ముందటేటి కంటే దాదాపు 30 శాతం ఎక్కువ.

అయితే ప్రపంచంలో మాంగనీసులో 90 శాతానికి పైగా ఉక్కుకే పోతుంది. ముఖ్యంగా సిలికో మాంగనీసుకు పెద్ద గిరాకీ ఇళ్లకు వాడే కడ్డీల నుంచే. అంటే చైనాలో పడిపోయినది మన గిరాకీ, పెరిగినది వేరొకరిది. పైగా చైనా కార్లలో విరివిగా వాడుతున్న లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీలో మాంగనీసు అసలు లేదు. మాంగనీసు వాడే రకాలకు కావలసింది ఖనిజం కాదు, అతి శుద్ధమైన మాంగనీసు సల్ఫేటు. దాని తయారీలో 90 శాతానికి పైగా చైనా చేతిలోనే ఉంది.

దేశంలో మాంగనీసు తవ్వకం మొదలైనదే 1892లో మన కోడూరులో. అక్కడి రాతికి శాస్త్రజ్ఞులు కోడూరైట్ అని పేరు పెట్టారు. పేరు గొప్పదే కాని, మన ఖనిజంలో భాస్వరం ఎక్కువ. అది ఉక్కును పెళుసు చేస్తుంది. అందుకే ఫర్నేసుల వారు దీనిని మేలురకం ఖనిజంతో కలిపి వాడుకుంటారు.

2024 నాటి పాఠం వర్తకులు మరచి ఉండరు. మార్చిలో తుపాను తాకిడికి ఆస్ట్రేలియాలోని గ్రూట్ ఐలాండ్ రేవు దెబ్బతిని ఎగుమతి నిలిచిపోయింది. కొద్ది నెలల్లో మేలురకం ఖనిజం ధర రెట్టింపుకు మించింది. గనుల నుంచి సరుకు ఇంకా రాకముందే, ఆ ఏడాది చివరికల్లా ధర మళ్లీ కిందికి జారింది. చైనా ఉక్కు మిల్లుల్లో కొనేవారు లేకపోవడమే కారణం. పై ధరకు బేరం కుదుర్చుకున్నవారికి ఓడ రేవు చేరేసరికే నష్టం తేలి ఉంటుంది.

సొంత దేశంలో అమ్ముడుపోని ఉక్కును చైనా 2024లో 11 కోట్ల టన్నుల మేర బయటికి పంపింది. మన ప్రభుత్వం 2025 ఏప్రిల్‌లో 12 శాతం తాత్కాలిక రక్షణ సుంకం విధించింది. అయితే అది రేకులు, చుట్టలపైనే. కడ్డీలు అందులో లేవు గనుక సిలికో మాంగనీసుకు నేరుగా ఒరిగింది తక్కువ.

ఇక్కడి ఫర్నేసులకు కరెంటు బాధ వేరే ఉంది. ఒక టన్ను సిలికో మాంగనీసుకు సుమారు 4,000 యూనిట్లు కావాలి. యూనిట్‌కు ఒక్క రూపాయి పెరిగితే టన్నుకు 4,000 రూపాయలు మీద పడినట్లే.

కాబట్టి కార్ల అమ్మకాల వార్తలకంటే చైనాలో కడ్డీల ధర, తియాన్‌జిన్ రేవులో ఖనిజం నిలవలు, జెంగ్‌జౌ ఎక్స్ఛేంజిలో సిలికో మాంగనీసు వాయిదా ధర, ఈ మూడూ చూసి బేరానికి దిగడం మేలు.