టైమ్‌షేర్ కొనొద్దు.. అద్దెకు తీసుకోండి! టూరిజం డల్‌గా ఉన్నప్పుడు అసలు బేరం ఎక్కడ దొరుకుతుందంటే..

లాస్ వెగాస్‌కు జనం తగ్గారు. 2025 జూన్‌లో అక్కడికి వచ్చిన సందర్శకుల సంఖ్య అంతకు ముందు ఏడాది జూన్‌తో పోలిస్తే 11 శాతానికి పైగా పడిపోయింది. కెనడా నుంచి వచ్చేవాళ్లు తగ్గారు. ఖర్చు అంటే వెనకాడే అమెరికన్లు పెరిగారు. ఇలాంటి సమయంలో హోటళ్లు డిస్కౌంట్లు ప్రకటించడం మామూలే. అది అందరికీ కనిపించే బేరం. పెద్దగా కనిపించని బేరం ఇంకొకటి ఉంది. అదే టైమ్‌షేర్ గదులు.

డల్లాస్‌లోనో, న్యూజెర్సీలోనో ఉండే ఓ తెలుగు కుటుంబం.. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలతో, ఇద్దరు పిల్లలతో కలిసి ట్రిప్ ప్లాన్ చేసిందనుకుందాం. మొత్తం ఆరుగురు. హోటల్‌లో అయితే రెండు గదులు తీసుకోవాలి. కిచెన్ ఉండదు. మూడో రోజుకల్లా పెద్దవాళ్లు పిజ్జా పక్కన పెట్టేసి అన్నం, పప్పు ఎక్కడ దొరుకుతాయని అడుగుతారు. టైమ్‌షేర్ రిసార్టులో టూ బెడ్‌రూమ్ యూనిట్ అంటే హాలు, స్టవ్, ఫ్రిజ్, చాలా చోట్ల వాషింగ్ మెషీన్‌తో సహా ఒక ఫ్లాట్ లాంటిది. కుక్కర్ ఒక్కటి కారులో వేసుకెళ్తే చాలు. అందుకే ఇలాంటి కుటుంబాలకు ఇది బాగా పనికొస్తుంది. కాకపోతే కొనడం వేరు, అద్దెకు తీసుకోవడం వేరు. ఈ తేడా తెలియకపోతే చౌక బేరం కాస్తా జీవితాంతం కట్టే బిల్లు అవుతుంది.

అసలు టైమ్‌షేర్ అంటే ఏంటి?

ఒక రిసార్టులోని గదిని ఒక్కరే కొనకుండా, ఏడాదిలో ఒక్కో వారం చొప్పున చాలామంది పంచుకోవడమే టైమ్‌షేర్. 1960లలో యూరప్‌లో ఈ పద్ధతి మొదలైంది. అమెరికాలో ఇది ఊపందుకోవడానికి కారణం కూడా ఓ మాంద్యమే. 1970లలో చమురు సంక్షోభం దెబ్బకి ఫ్లోరిడాలో కట్టిన కాండోలు అమ్ముడుపోలేదు. ఫ్లాట్ మొత్తం కొనేవాడు దొరక్కపోవడంతో బిల్డర్లు దాన్ని వారాల లెక్కన ముక్కలు చేసి అమ్మారు. ఇప్పుడు చాలా కంపెనీలు వారాల బదులు పాయింట్లు అమ్ముతున్నాయి. పేరు మారినా లెక్క మాత్రం అదే.

కొన్నవాళ్లు ముందు ఒకేసారి పెద్ద మొత్తం కడతారు. అక్కడితో అయిపోదు. ఏటా మెయింటెనెన్స్ ఫీజు కట్టాలి. అమెరికాలో ఇది సగటున 1,000 డాలర్లు దాటేసింది. వెళ్లినా కట్టాలి, వెళ్లకపోయినా కట్టాలి. ఉద్యోగం పోయినా, ఇంట్లో ఎవరికైనా బాగోలేకపోయినా, విమాన టికెట్లు మండిపోతున్నా ఆ బిల్లు ఆగదు.

బేరం పుట్టేది సరిగ్గా ఇక్కడే.

రిసార్టు ఖాళీగా ఉండదు.. ఓనర్ ఖాళీగా ఉంటాడు!

మాంద్యం వస్తే టైమ్‌షేర్ రిసార్టులు కూడా హోటళ్లలాగే ఖాళీ అవుతాయని చాలామంది అనుకుంటారు. నిజానికి అలా జరగదు. 2009లో అమెరికా హోటళ్లలో సగటున 55 శాతం గదులే నిండాయి. టైమ్‌షేర్ రిసార్టులు మాత్రం అంతకంటే చాలా ఎక్కువగా నిండాయి. ఎలాగూ డబ్బు కట్టేశాం కదా అని ఓనర్లు వెళ్లడమే ఇందుకు కారణం. దెబ్బ తగిలింది కొత్త అమ్మకాలకు. 2007లో 10.6 బిలియన్ డాలర్లున్న టైమ్‌షేర్ అమ్మకాలు 2009 నాటికి 6.3 బిలియన్లకు పడిపోయాయి.

అంటే రిసార్టు రిసెప్షన్‌కు ఫోన్ చేసి డిస్కౌంట్ అడిగితే పెద్దగా లాభం ఉండకపోవచ్చు. ఈ ఏడాది వెళ్లలేకపోతున్న ఓనర్‌ని పట్టుకోవాలి. హోటల్ వాళ్లకి గది ఈ రోజు పోతే రేపు ఉంటుంది. ఓనర్‌కి ఉన్నది ఏడాదికి ఆ ఒక్క వారమే. తేదీ దాటితే సున్నా. అందుకే ఆరు నెలల ముందు 1,100 డాలర్ల ఫీజు మొత్తం రాబట్టాలని చూసే వ్యక్తే, మూడు వారాల ముందు 700 ఇచ్చినా చాలంటాడు. చెక్-ఇన్‌కు రెండు నెలల లోపు పడితే మరో చిక్కు కూడా వస్తుంది. ఆ వారాన్ని ఆర్‌సీఐ, ఇంటర్వెల్ ఇంటర్నేషనల్ లాంటి ఎక్స్‌ఛేంజ్ సంస్థల్లో వేసి ఇంకో చోటికి మార్చుకుందామన్నా అప్పటికి దాని విలువ పడిపోతుంది. బేరమాడటానికి అదే సరైన టైమ్.

ఒక లెక్క చూద్దాం

వెగాస్ స్ట్రిప్‌లో ఓ హోటల్ గది రాత్రికి 40 డాలర్లేనని కనిపించిందనుకోండి. దానికి రిసార్ట్ ఫీజు ఓ 45 డాలర్లు. ఈ రెండింటి మీదా దాదాపు 13 శాతం ట్యాక్స్. మొత్తం 96 డాలర్లు అవుతుంది. 2025 మే నుంచి అమెరికాలో ఈ ఫీజులన్నీ కలిపిన ధరే ముందు చూపించాలన్న రూల్ వచ్చింది కాబట్టి, మునుపటిలా చివర్లో షాక్ తగలడం కొంత తగ్గింది. ఆరుగురికి రెండు గదులంటే రాత్రికి 192 డాలర్లు, వారానికి దాదాపు 1,345. వారాంతంలో రేటు పెరగకుండా ఉంటేనే సుమా! ఓనర్ దగ్గర 700 డాలర్లకు తీసుకున్న టూ బెడ్‌రూమ్ యూనిట్ రాత్రికి 100 డాలర్లే పడుతుంది. వంట చేసుకుంటే తిండి ఖర్చు కూడా మిగులుతుంది.

అదే భార్యాభర్తలిద్దరే మూడు రాత్రులకు వెళ్తే? హోటల్‌కు 288 డాలర్లు చాలు. టైమ్‌షేర్‌లో చాలామంది ఓనర్లు వారం మొత్తం తీసుకోమంటారు. 700 పెట్టి నాలుగు రాత్రులు వదిలేయడం తెలివైన పని కాదు. మనుషులు ఎక్కువ, రోజులు ఎక్కువ అయినప్పుడే ఈ బేరం గిట్టుబాటు. విమాన టికెట్లు ముందే కొనేసి గది కోసం చివరి వారాల దాకా ఆగడం కూడా రిస్కే. కారులో వెళ్లగలిగేవాళ్లకు, తేదీలు అటూ ఇటూ మార్చుకోగలిగేవాళ్లకు ఇది బాగా కలిసొస్తుంది.

ఎక్కడ వెతకాలి?

రెడ్‌వీక్, టైమ్‌షేర్ యూజర్స్ గ్రూప్ లాంటి సైట్లలో ఓనర్లే నేరుగా తమ వారాలను అద్దెకు పెడతారు. ఆర్‌సీఐ, ఇంటర్వెల్ సభ్యులకైతే మిగిలిపోయిన గదులు డబ్బుకి కూడా దొరుకుతాయి. బంధువుల్లోనో, ఆఫీసులోనో ఎవరికైనా సభ్యత్వం ఉంటే వాళ్ల ద్వారా గెస్ట్‌గా వెళ్లే అవకాశం ఉందేమో అడగడం మంచిది. మారియట్, హిల్టన్ తమ టైమ్‌షేర్ విల్లాలను మామూలు హోటల్ గదుల్లాగే సొంత సైట్లలో అమ్ముతాయి. రేటు కాస్త ఎక్కువే, కానీ రిస్క్ తక్కువ.

ఓర్లాండోలో డిస్నీ వరల్డ్‌కు వెళ్లేవాళ్లకు ఇంకో దారి ఉంది. డిస్నీ వెకేషన్ క్లబ్‌లో ఓనర్లకు ఏటా పాయింట్లు వస్తాయి. ఈ ఏడాది వాడకపోతే వచ్చే ఏడాదికి దాచుకోవచ్చు. కాకపోతే తమ ఏడాదిలో మొదటి ఎనిమిది నెలల్లోనే ఆ పని చేయాలి. ఆ గడువు దాటిన పాయింట్లు మిగిలిన నాలుగు నెలల్లో వాడాల్సిందే, లేదంటే వృథా. అలాంటి పాయింట్లున్న ఓనర్ దొరికితే రేటు తగ్గించి అడగొచ్చు. కంపెనీ దగ్గర కొనాలంటే ఒక్కో పాయింట్ 200 డాలర్లకు పైనే. అద్దెకైతే అందులో పదో వంతుకు కాస్త అటూ ఇటూగా దొరుకుతుంది. లేబర్ డే తర్వాత సెప్టెంబర్‌లో, న్యూ ఇయర్ సెలవులు అయిపోయాక జనవరిలో ఓర్లాండోలో రద్దీ తగ్గుతుంది. సెప్టెంబర్ అంటే హరికేన్ సీజన్ మధ్యలో ఉన్నట్టే. క్యాన్సిల్ అయితే డబ్బు సంగతేంటో ముందే తేల్చుకోవాలి.

డబ్బు పంపే ముందు..

ఇక్కడ తొందరపడితే మోసపోతారు. మొదట అడగాల్సిన ప్రశ్న ఒకటే. అది ఓనర్ సొంత వారమా, ఎక్స్‌ఛేంజ్‌లో వచ్చిన వారమా? ఆర్‌సీఐ, ఇంటర్వెల్ ద్వారా మార్చుకున్న వారాన్ని అద్దెకు ఇవ్వడం ఆ సంస్థల నిబంధనలకు విరుద్ధం. తెలిస్తే బుకింగ్ రద్దు చేస్తాయి. అప్పుడు సూట్‌కేసులతో రిసెప్షన్ దగ్గర నిలబడేది అద్దెకు తీసుకున్న కుటుంబమే.

బుకింగ్‌లో గెస్ట్‌గా వెళ్లేవాళ్ల పేరు చేర్చి, ఆ కన్ఫర్మేషన్ పంపమని ఓనర్‌ని అడగాలి. తర్వాత రిసార్టుకే ఫోన్ చేసి ఆ పేరుతో గది ఉందో లేదో నిర్ధారించుకోవాలి. ఓనర్ ఇచ్చిన నంబర్‌కు కాదు, రిసార్టు సొంత సైట్‌లో ఉన్న నంబర్‌కు. జెల్లే, వైర్ ట్రాన్స్‌ఫర్ లాంటి వాటితో పంపిన డబ్బు మోసం జరిగితే వెనక్కి రావడం చాలా కష్టం. క్రెడిట్ కార్డు తీసుకునే చోటో, చెక్-ఇన్ అయ్యేదాకా డబ్బు మధ్యలో ఆపి ఉంచే సైటో అయితే నయం. మామూలు రేటులో మూడో వంతుకే క్రిస్మస్ వారం ఇస్తానంటే అనుమానించాల్సిందే. ఎందుకంటే ఆ వారానికి బేరమాడాల్సిన అవసరం ఏ ఓనర్‌కీ ఉండదు.

గిఫ్ట్ కార్డు ఇస్తారు.. మూడు గంటలు కూర్చోబెడతారు

గది తాళం ఇచ్చాక, పార్కింగ్ పాస్ కోసమని పక్క డెస్కుకి పంపుతారు. అసలు కథ అక్కడ మొదలవుతుంది. బ్రేక్‌ఫాస్ట్, గిఫ్ట్ కార్డు, షో టికెట్లు ఇస్తామంటారు. 90 నిమిషాలు ప్రెజెంటేషన్ వింటే చాలంటారు. భార్యాభర్తలిద్దరూ రావాలనేది చాలా చోట్ల షరతు. 'ఇంట్లో మాట్లాడి చెప్తాం' అనే మాటకి అవకాశం ఉండకూడదనే ఆ షరతు. ఆ 90 నిమిషాలు మూడు గంటలవుతాయి. ఒకరి తర్వాత ఒకరు మేనేజర్లు వస్తుంటారు, రేటు తగ్గుతూ ఉంటుంది. రెండు రాత్రులు 99 డాలర్లకే అంటూ వచ్చే ప్యాకేజీల వెనకా ఇదే ఉంటుంది. ప్రెజెంటేషన్‌కు వెళ్లకపోతే గదికి పూర్తి రేటు వసూలు చేస్తామని సన్న అక్షరాల్లో రాసి ఉంటుంది.

మొహమాటానికి సంతకం పెట్టేసిన వాళ్లకీ ఓ దారి ఉంది. నెవాడాలో 5 రోజులు, ఫ్లోరిడాలో 10 రోజుల లోపు రాతపూర్వకంగా రద్దు చేసుకునే హక్కు చట్టం ఇచ్చింది. ఫోన్‌లో చెప్తే సరిపోదు. కాంట్రాక్టులో చెప్పిన అడ్రస్‌కు, చెప్పిన పద్ధతిలో లెటర్ పంపి రసీదు దాచుకోవాలి. ట్రిప్ అయ్యాక ఇంటికెళ్లి చూసుకుందాంలే అనుకుంటే వెగాస్‌లో గడువు అప్పటికే అయిపోతుంది.

ఇంకో ఉచ్చు ఒక్క డాలర్ టైమ్‌షేర్. 20 వేల డాలర్లు పెట్టి కొన్నవాళ్లు కూడా ఈబేలో ఒక్క డాలర్‌కు అమ్మకానికి పెడుతుంటారు. ఆ డాలర్‌తో పాటు ఏటా పెరిగే మెయింటెనెన్స్ ఫీజు కూడా కొన్నవాళ్ల నెత్తిన పడుతుంది. ఇలా వదిలించుకోవాలని తిప్పలు పడేవాళ్లే మోసగాళ్లకు టార్గెట్. 'మీ టైమ్‌షేర్‌కు కొనేవాడు రెడీ, ముందు ఫీజు కట్టండి' అంటూ ఫోన్లు వస్తాయి. మెక్సికోలో టైమ్‌షేర్లున్న అమెరికన్లను ఇలా దోచుకుంటున్న కంపెనీల వెనక హలిస్కో డ్రగ్ కార్టెల్ ఉందంటూ 2023లో అమెరికా ట్రెజరీ శాఖ వాటిపై ఆంక్షలు విధించింది.

మన దగ్గర పరిస్థితి ఏంటి?

ఇండియాలో దీన్ని వెకేషన్ క్లబ్ మెంబర్‌షిప్ అంటారు. హైదరాబాద్ మాల్స్‌లో కూపన్ నింపితే 'మీకు గిఫ్ట్ వచ్చింది, దంపతులిద్దరూ రండి' అని ఫోన్ రావడం చాలామందికి అనుభవమే. స్క్రిప్టు వెగాస్‌లో నడిచేదే. ఇక్కడా 25 ఏళ్ల ప్లాన్లున్నాయి, ఏటా ఫీజు ఉంది, దానిపై జీఎస్టీ ఉంది. సీజన్‌ను బట్టి రంగులూ ఉన్నాయి. తక్కువ సీజన్ మెంబర్‌షిప్ చౌకగా వచ్చిందని కొంటే, పిల్లల వేసవి సెలవుల్లో ఆ రంగుకి గది దొరకదు.

రిటర్న్స్ వస్తాయని చెప్తే అసలు దగ్గరికే వెళ్లొద్దు. హోటల్ రూమ్ నైట్స్ పేరుతో లక్షల మంది దగ్గర డబ్బు తీసుకున్న పాన్‌కార్డ్ క్లబ్స్‌ది అనుమతి లేని పెట్టుబడి పథకమని సెబీ తేల్చింది. 7 వేల కోట్ల రూపాయలకు పైగా ఉన్న ఆ డబ్బు తిరిగి ఇవ్వాలని 2016లో ఆదేశించింది.

మెంబర్ దగ్గర గది తీసుకోవడం ఇక్కడ అమెరికాలో ఉన్నంత సులువు కాదు. స్నేహితులకు, బంధువులకు ఇవ్వడానికి గెస్ట్ ఫీజుతో ఒప్పుకునే క్లబ్బులున్నాయి గానీ, వ్యాపారంగా అమ్మితే ఒప్పుకోవు. ఫేస్‌బుక్‌లో కనిపించే 'మెంబర్ రేటు' పోస్టులను ఈ లెక్కన చూడాలి. స్టెర్లింగ్ లాంటి సంస్థలు మాత్రం మెంబర్లు కాని వాళ్లకీ గదులు నేరుగా అమ్ముతున్నాయి. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా వానల్లో గోవా, పిల్లల పరీక్షల సమయంలో ఊటీ, మున్నార్‌లలో రద్దీ తక్కువ. బుకింగ్ సైట్‌లో రేటు చూశాక, రిసార్టుకే ఫోన్ చేసి బ్రేక్‌ఫాస్ట్, డిన్నర్ కలిపి ఎంతకిస్తారో అడిగితే చాలాసార్లు అంతకంటే తక్కువకే ఒప్పుకుంటారు. శుక్ర, శనివారాలు వదిలేసి ఆదివారం చెక్-ఇన్ అడిగితే రేటు ఇంకాస్త దిగుతుంది.