మొహం చెల్లని వేళ

రాత్రి భోజనాల దగ్గర భార్య కూర వడ్డిస్తూ, "ఈ నెల ఈఎంఐ కట్టారా?" అంటుంది. భర్త చెయ్యి ముద్ద దగ్గరే ఆగిపోతుంది. తల వాలిపోతుంది, చెవులు ఎర్రబడతాయి. మరుక్షణం "నీకు లెక్కలు చెప్పాలా?" అని కంచం తోసేసి లేచిపోతాడు. ఉద్యోగం పోయి రెండు వారాలైందని ఆమెకి తెలియదు.

ఆమెకి కనపడింది కోపం. లోపలున్నది సిగ్గు. పెళ్లికూతురి సిగ్గు కాదు, తలకొట్టేసినట్టయ్యే సిగ్గు.

అమెరికా మనస్తత్వవేత్త హెలెన్ బ్లాక్ లూయిస్ 1971లో ప్రచురించిన పుస్తకంలో ఈ సిగ్గునీ అపరాధభావాన్నీ విడదీసి చూపించింది. అపరాధభావం చేసిన పనిని వేలెత్తి చూపుతుంది, సిగ్గు మనిషినే చూపుతుంది. "తప్పు చేశాను" అనుకున్నవాడు దిద్దుకుంటాడు. "నేనే పనికిమాలినవాణ్ణి" అనుకున్నవాడు ఏం దిద్దుకుంటాడు? దాక్కుంటాడు, లేదా ఎదుటివాళ్ల మీద విరుచుకుపడతాడు. చికిత్సలో జరిగిన సంభాషణలను మాటమాటా పరిశీలించి, పైకి చెప్పుకోని సిగ్గు కోపంగా మారుతుందని ఆవిడ గమనించింది.

అందుకే దంపతుల కౌన్సెలింగ్‌లో తప్పెవరిదని తేల్చబోతే గొడవ ముదురుతుంది. తీర్పు చెప్పేచోట సిగ్గు ఇంకా లోపలికి పోతుంది. 1980లలో కెనడాలో సూ జాన్సన్, లెస్లీ గ్రీన్‌బర్గ్ రూపొందించిన పద్ధతిలో థెరపిస్టు ఆ క్షణాన్ని నెమ్మదిగా తిరిగి తెరుస్తారు. "కంచం ఎందుకు తోశారు?" అని నిలదీయరు. "ఈఎంఐ మాట వినగానే గుండెల్లో ఏమనిపించింది?" అని అడుగుతారు. జవాబు వచ్చాక, దాన్ని తనకి కాదు, భార్యకే చెప్పమంటారు. నా దృష్టిలో అసలు వైద్యం అక్కడే ఉంది. ఏ కళ్లు చూస్తాయని భయపడ్డాడో, ఆ కళ్లముందే చెప్పి, అవి చీదరించుకోలేదని తెలుసుకోవాలి. ఆమె మనసు కూడా నొచ్చుకుంది కాబట్టి, ఆమె మాటకీ అంతే చోటివ్వాలి.

ఒకటి మాత్రం గట్టిగా చెప్పాలి. ఇంట్లో కొట్టడం, బెదిరించడం ఉంటే సిగ్గు దానికి సాకు కాదు. అప్పుడు ఇద్దర్నీ పక్కపక్కన కూర్చోబెట్టడం కన్నా ఆమె భద్రత ముందు.

థెరపిస్టు ప్రశ్న విన్నాక మన కథలో భర్త చాలాసేపు కిటికీకేసి చూస్తూ కూర్చుంటాడు. చివరికి ఉద్యోగం పోయిన సంగతి చెప్పి, "నీకు మొహం చూపించలేకపోయాను" అంటాడు.

"ఈ రెండు వారాలూ క్యారేజీ పట్టుకుని ఎక్కడికెళ్లారండీ?" అంటుందామె.